వేపాకు వేసి దాచిన బియ్యం

22 జనవరి 1978, శాలిబండ

నిన్న సాయంత్రం చేరాం. పెనాంగులో ఓడ ఎక్కింది మొదలు మద్రాసులో దిగేదాకా వాంతులే. రైలెక్కేసరికి కక్కడానికి కడుపులో ఏమీ మిగల్లేదు. "ఇదే మన దేశం సలోమీ, చూడు," అన్నారాయన కిటికీ బయటికి చూపించి. ఎవరి దేశం? మా తాత గోదావరి ఒడ్డు వదిలి కొబ్బరితోటల పనికి మలయా వెళ్లాడు. నేను పుట్టింది అక్కడ, పెళ్లాడింది అక్కడ, రూతుని కన్నది అక్కడ. నాకిది పరదేశం.

ఒక్క సంవత్సరమే. ఇక్కడి పాస్టరు వైకుంఠంగారూ, ఆయన భార్య సుందరమ్మగారూ తెలుక్ ఆన్సన్‌లో మా ఇంట్లో ఉంటారు, మేం శాలిబండలో వాళ్లింట్లో, ఆయన బదులు ఇక్కడ మా ఆయన పాస్టరుగా. రెండు సంఘాలూ ఒకరినొకరు ఎరగాలని పెద్దలు చేసిన ఏర్పాటు. కుండమార్పిడి పెళ్లిలా ఉంది. ఆవిడ వెళ్తూ పొయ్యి, తిరగలి, రెండు కోళ్లు వదిలి వెళ్లింది. ఒక్క చీటీ ముక్క మాత్రం లేదు, ఏది ఎలా చేయాలో.

ఈ డైరీ ఎస్టేటు బడిపిల్లలు ఇచ్చారు. నేను తప్ప ఎవరూ చదవరు కాబట్టి అంతా నిజమే రాస్తాను. ఇంకా మూడువందల యాభై ఎనిమిది రోజులు.

29 జనవరి

నా తెలుగు వింటే అందరికీ నవ్వు. నేనేం చేయను? మా నాయనమ్మ నాకు చదువు నేర్పింది బైబిలు ముందు పెట్టుకునే. సంఘపెద్ద ఇశ్రాయేలుగారు యాకుత్‌పురా స్టేషన్లో గ్యాంగ్‌మన్, పెద్ద మీసాలు, పెద్ద గొంతు. ఆయన్ని "అయ్యా, బావినీళ్లు ఎక్కడ దొరుకును?" అని అడిగాను. ఆయన నవ్వాపుకోలేక గోడ పట్టుకున్నారు.

"అమ్మగారు నోరు తెరిస్తే మోషే కొండ దిగొచ్చినట్టే ఉన్నది!"

మోషేకి నీళ్లు బండలోంచి వచ్చాయి, నాకు వీధి చివరి నల్లాలోంచి కూడా రావడం లేదు అన్నాను. అప్పుడు ఆయన మరీ నవ్వారు. రూతుకి ఎనిమిదేళ్లే, అప్పుడే వద్దుకి "నక్కో", అవునుకి "హౌ" అంటూ వీధి పిల్లలతో తిరుగుతోంది. పిల్లకి సిగ్గూ లేదు, బెంగా లేదు. తల్లిని చూసైనా కాస్త బెంగపడొచ్చు కదా.

5 ఫిబ్రవరి, ఆదివారం

ఇవాళ ఆరాధన చివర్లో ఆడవాళ్లంతా వరసగా లేచి, కొంగుల్లోంచీ చిన్న సంచుల్లోంచీ బియ్యం తీసి ప్రభువు బల్ల ముందున్న గంపలో పోశారు. దొడ్డు బియ్యం, సన్న బియ్యం, కంట్రోల్ బియ్యం, నూకలు, అన్నీ కలిసిపోయాయి. ఆరాధన అయ్యాక మాణిక్యమ్మగారు ఆ గంప నెత్తిన పెట్టుకుని మా వంటింట్లో దించి, "నెలదమ్మా," అని వెళ్లిపోయింది. ఈవిడ సర్కారు దవాఖానలో ఆయా. స్త్రీల సమాజానికి పెద్ద. మాటలు తక్కువ.

ఆ గంప నాకు ముట్టుకోబుద్ధి కాలేదు. వాళ్లలో సగంమంది ఇళ్లలో రెండో పూట పొయ్యి వెలగదని ఇశ్రాయేలుగారే చెప్పారు. పసిపిల్లల నోటి దగ్గరి కూడు తీసుకుని పాస్టరు పెళ్లాం తినడమా? మా ఎస్టేటులో ఇలాంటి వసూలు లేదు, ఉంటే మా అమ్మ చీపురు తిరగేసేది.

7 ఫిబ్రవరి

ఎంత తృప్తిగా ఉందో! గంపలోని బియ్యాన్ని, పోసిన పద్నాలుగు ఇళ్లకూ సమభాగాలు చేశాను. పింగాణీ పళ్లాలకు చుట్టి తెచ్చిన మలయా పేపర్లలో పొట్లాలు కట్టి, ఒక్కో పొట్లం మీద నాలుగేసి కొబ్బరి బిస్కెట్లు పెట్టి, రూతుని వెంటేసుకుని ఇంటింటికీ తిరిగి ఇచ్చేశాను. "మీ పిల్లలకు వండి పెట్టండి, మాకు దేవుడు చాలినంత ఇచ్చాడు," అని ప్రతి ఇంట్లోనూ చెప్పాను. అందరూ ఎంత కదిలిపోయారో, కళ్లు దించేసుకున్నారు. మాణిక్యమ్మగారయితే పొట్లం రెండు చేతులా పట్టుకుని గడపలో అలా నిలబడిపోయింది.

ఆయనకు చెప్తే, "నన్నొక మాట అడగాల్సింది," అన్నారు. మగవాళ్లకు ఇలాంటివి అర్థం కావు.

15 ఫిబ్రవరి, బుధవారం

స్త్రీల కూడికకు ఎవరూ రాలేదు. ఎండగా ఉంది కదా. పదిహేనుమందికి టీ కాచాను, నేనూ రూతూ తాగాం. ఇంకా మూడువందల ముప్పై నాలుగు రోజులు.

22 ఫిబ్రవరి

ఎవరూ రాలేదు. ఎండ.

5 మార్చి, ఆదివారం

నెల మొదటి ఆదివారం. గంప బల్ల ముందే ఉంది, అడుగు కనిపిస్తూ. ఒక్క గింజ పడలేదు. పాటలు పాడారు, ప్రసంగం విన్నారు, మా ఆయన చేతులు పట్టుకుని "మంచిగ చెప్పిన్రు అయ్యగారూ" అన్నారు, నాకు దూరం నుంచి దండం పెట్టి వెళ్లిపోయారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. అయినా నాకేం? ఏడాది ఎలాగోలా గడుస్తుంది. నాకేం బాధగా లేదు.

6 మార్చి

బాధగానే ఉంది. ఇశ్రాయేలుగారిని అడిగాను, నా తప్పేమిటని. ఆయన మీసం దువ్వుకుని, ఆకాశం చూసి, రైలుకి టైమయిందన్నారు.

"గా ముచ్చట ఆడోళ్లది అమ్మగారూ. నడుమ నన్ను ఇరికియ్యకుర్రి. మాణిక్యక్క కోపం రైలింజను కన్న ఎక్కువ, దానికి బ్రేకు లేదు."

"ఆవిడనే అడగవచ్చునా?"

"అడుగుర్రి. గని నేను చెప్పిన అనకుర్రి."

వీధి చివరిదాకా వెళ్లాను. వాళ్ల తలుపు తెరిచే ఉంది. వెనక్కి వచ్చేశాను. మంచి చేసింది నేను, వెళ్లి బతిమాలాల్సింది కూడా నేనేనా?

9 ఏప్రిల్

రూతు మాత్రం పొద్దస్తమానం మాణిక్యమ్మగారింట్లోనే. అక్కడే తింటుంది, అక్కడే జడ వేయించుకుంటుంది. ఆవిడకి కోపం నామీదే తప్ప నా కూతురి మీద లేదన్నమాట. ఇవాళ వచ్చి చెప్పింది, "అమ్మా, పెద్దమ్మ ఇంట్ల ఒక పెద్ద కుండ ఉన్నది. మూతికి గుడ్డ కట్టి పెట్టింది. నెలకోసారి కొత్త వేపాకు ఏస్తది. నేను ముట్టుకుంటే చెయ్యి మీద కొట్టింది." పిల్ల భాష చూడు! మా నాయనమ్మ వింటే మూర్ఛపోతుంది.

ఏ పచ్చడి కుండో. నాకెందుకు.

20 మే

అబ్బ, ఎంత మంచి రోజు! ఇశ్రాయేలుగారు మమ్మల్ని బార్కస్ తీసుకెళ్లారు. అక్కడివాళ్ల తాతలు అరబ్బు దేశం నుంచి వచ్చారట. ఒక దుకాణంలో వేలాడుతున్న లుంగీలు చూసి నా కాళ్లు నేలకి అతుక్కుపోయాయి. అవి సరోంగులు! మా తెలుక్ ఆన్సన్ సంతలో అమ్మే గళ్లే, ఆ రంగులే. నేను ఒక లుంగీని ముఖానికి ఆనించుకుని వాసన చూశాను. కొట్టాయన బిత్తరపోయి, "క్యా హువా అమ్మా, ఖరాబ్ హై క్యా?" అన్నాడు, గుడ్డ పాడయిందేమోనని. నేను ఏడుస్తూ నవ్వుతూ, కాదని తల అడ్డంగా ఊపాను. ఇశ్రాయేలుగారు పక్కనుంచి, "పరదేశీ అమ్మగారు భాయ్, జర ఇంటి మీద బెంగ," అని సర్దిచెప్పారు. రెండు కొన్నాం. మా ఆయన ఒకటి కట్టుకుని వరండాలో కూర్చుంటే, అచ్చం మా ఇంట్లో ఉన్నట్టే ఉంది.

ఇంటికొచ్చాక ఎవరికైనా చూపిద్దామంటే ఎవరున్నారు? కోళ్లకు చూపించాను.

11 జూన్

తొలకరి! మా ఊళ్లో రోజూ వాన, ఇక్కడ ఐదు నెలల తర్వాత ఇవాళే. చెప్పులు కూడా లేకుండా వాకిట్లోకి పరుగెత్తి చేతులు చాచి తిరిగాను. డ్యూటీ నుంచి వస్తున్న మాణిక్యమ్మగారు గోడమీంచి చూసి పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. అంతలో ఆవిడకి నామీద కోపమని గుర్తొచ్చినట్టుంది, నవ్వు మింగేసి, గొడుగు అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ నవ్వు నాకు ఇంకొంచెం కావాలి. ఇది మాత్రం నిజం రాస్తున్నాను.

30 ఆగస్టు, బుధవారం

తెలుక్ ఆన్సన్ నుంచి ఉత్తరం. సుందరమ్మగారు రాసింది. మాట్లాడినట్టే రాస్తుందావిడ. ఇక్కడ అతికించుకుంటున్నాను:

"చెల్లే, నీ ఇల్లు మంచిగున్నది. దినాం వాన, కొబ్బరి లేని కూర లేదు, అయ్యగారు బొర్ర పెంచిండు. గని నాకొక ఫికర్ పట్టుకున్నది. ఏడు నెలలాయె, ఒక్కరన్న పిడికెడు బియ్యం తేకపాయె. నామీద ఏం కోపమో ఏందో! మన శాలిబండల ఆడోళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్ల మొదటి పిడికెడు దేవునికని తీసి పక్కకు పెడ్తరు. మాణిక్యక్క పిల్లలకే వండి తాను పస్తున్న నాడు గూడ తీసింది, నా కండ్లార చూసిన. నెలకోసారి గంపల పోసి, అండ్లకెల్లి ముసలోళ్లకు ఇస్తం, మిగిలింది మనం తింటం. ఆ గంప ఇప్పుడు నీ ఇంటికొస్తది గదా, నీ అదృష్టం. ఇక్కడ మీవోళ్లకు నేనేం తక్కువ జేసిన్నో జర అడిగి రాయి. నాకు అన్నం దిగుతలేదు."

రెండుసార్లు చదివాను. మూడోసారి చదవలేకపోయాను.

అది వసూలు కాదు. వాళ్లు దేవుడికి ఇచ్చింది నేను కాగితాల్లో కట్టి, మీద బిస్కెట్లు పెట్టి, వాళ్ల ముఖాన కొట్టి వచ్చాను. అది కూడా ఇంటింటికీ తిరిగి, తీరిగ్గా, పద్నాలుగుసార్లు. నా మొహం మండ. ఆ రోజు డైరీలో "తృప్తి" అని రాసుకున్నాను కూడా.

పొయ్యి మీద కూర వదిలేసి పరుగెత్తాను. ఈసారి గడప దగ్గర ఆగలేదు. మాణిక్యమ్మగారు చేట ముందు పెట్టుకుని కందిపప్పు ఏరుతోంది. ఏమీ చెప్పకుండా ఉత్తరం చదివి వినిపించాను. "అన్నం దిగుతలేదు" దగ్గర ఆవిడ పప్పు ఏరడం ఆపింది, తర్వాత నవ్వు వచ్చింది.

"సుందరికి అక్కడ బియ్యం వస్తలేవని ఏడుపు, నీకిక్కడ వచ్చినయని లొల్లి. మంచిగ కుదిరిన్రు ఇద్దరు."

"నాకు తెలియదు మాణిక్యమ్మగారూ. మా ఊళ్లో ఈ ఆచారం లేదు. మీ పిల్లల కూడు అనుకున్నాను."

ఆవిడ చేట పక్కన పెట్టింది. అప్పుడు మాట్లాడింది, ఏడు నెలల మాటలన్నీ ఒకేసారి.

"నీకు ఎర్కలేదు గని విను. మా అమ్మ కాలంల మా చేతి నీళ్లు ఎవ్వరు ముట్టకపోతుండె. మేం పెడితే తినేటోడు లేడు, పెట్టిచ్చుకునుడే మా బతుకు. గీ గుడిల మా బియ్యం బల్ల కాడికి వచ్చినయి. అయ్యగారింట్ల ఉడికినయి. మేం గూడ పెట్టేటోళ్లమయినం. నువ్వొచ్చి పేదోళ్లు పాపం అని మల్ల మా చేతుల పెడ్తివి. మేం నీకిచ్చినమా? దేవునికిచ్చింది ఎనుకకు ఎట్ల తీస్కుంటం?"

"మరి ఆ పొట్లాలేం చేశారు?"

లేచి లోపలికి వెళ్లి, మూలనున్న కుండ మూతి గుడ్డ విప్పింది. వేపాకు వాసన గుప్పుమంది. పద్నాలుగు ఇళ్ల బియ్యమూ అందులోనే ఉన్నాయి. ఎవరూ వండుకోలేదు, ఎవరూ పారేయలేదు. అందరూ తెచ్చి ఆవిడకే ఇచ్చారట.

"తినరాదు, పారెయ్యరాదు. ఏం జెయ్యాలె? దాచిపెట్టిన. నెలనెల వేపాకు మారుస్తున్న. బిస్కెట్లయితే పోరగాండ్లు తిన్నరు, అవి దేవునియి గావు గదా."

నేను అక్కడే కూలబడి ఏడ్చాను. క్షమించమన్నాను. ఆవిడ నా భుజం తట్టింది కానీ మెత్తబడలేదు.

"మాఫీ నాకాడ లేదమ్మా. గంప కాడున్నది. నువ్వు గూడ ఒక నెల తీసి చూడు, ఎట్లుంటదో ఎర్కైతది. తర్వాత మాట్లాడుదాం."

31 ఆగస్టు

మా ఊళ్లో ఈ ఆచారమే లేదని, తప్పు తనది కాదని సుందరమ్మగారికి జవాబు రాశాను. పాలల్లో కలుపుకునే మైలో పొడి ఖాళీ డబ్బా కడిగి ఎండబెట్టాను. మొదటి పిడికెడు వేశాను. గింజలు రేకు మీద పడ్డ చప్పుడుకి కోళ్లు పరుగెత్తుకొచ్చాయి.

9 సెప్టెంబరు

నిన్న రాత్రికి మరిచిపోయాను. వండినాక గుర్తొచ్చింది. అన్నంలోంచి పిడికెడు తీసి వేయలేను కదా. రూతు నన్ను దొంగని చూసినట్టు చూసింది. ఇంత చిన్న పని రోజుకి రెండుసార్లు గుర్తుంచుకోవడం ఇంత కష్టమా! పస్తుండి తీసిన ఆవిడ ఎలా తీసిందో.

26 సెప్టెంబరు

ఇంట్లో బియ్యం అడుగంటాయి. ఆయనకు రావాల్సిన జీతం ఇంకా రాలేదు. ఒక్క పూటకు సరిపడా ఉన్నాయి. పిడికెడు తీయాలా వద్దా అని పొయ్యి ముందు చాలాసేపు నిలబడ్డాను. తీశాను. ముగ్గురం ఒక్కో ముద్ద తక్కువ తిన్నాం. తమాషా ఏమిటంటే, నేను బీదదాన్ని అనిపించలేదు. ఇచ్చేదాన్ని అనిపించింది. అప్పుడు నాకు మాణిక్యమ్మగారి కోపం మొత్తం అర్థమయింది.

1 అక్టోబరు, ఆదివారం

గంప ఖాళీగా బల్ల ముందు. చివరి పాట అయ్యాక నేనే లేచాను. డబ్బా వంచి గంపలో పోసి, అందరి వైపూ తిరిగి నా మోషే తెలుగులోనే చెప్పాను, "మీరు దేవునికిచ్చిన దానిని నేను మీకు తిరిగి ఇచ్చితిని. అది నా అజ్ఞానము. నన్ను క్షమించుడి."

ఇశ్రాయేలుగారి మీసం కూడా కదల్లేదు. అప్పుడు మాణిక్యమ్మగారు కొంగు ముడి విప్పుతూ లేచింది. ఆవిడ కొంగులో బియ్యం! ఆవిడ వెనక ఇంకొకావిడ, వెనక ఇంకొకావిడ. ఎనిమిది నెలలుగా ఎవరూ పిడికెడు ఆపలేదట. గుడి గంపలో పోయడం మానేసి, మాణిక్యమ్మగారింట్లో పోసి ముసలివాళ్లకు పెడుతున్నారు. నేను అడుగుతానేమోనని అందరూ ప్రతి మొదటి ఆదివారమూ కొంగులో కట్టుకునే వచ్చేవారట. నేను నోరు మెదిపి ఉంటే మార్చిలోనే అయిపోయేది. మాట అడగడానికి నాకు ఏడు నెలలూ, ఒక ఓడ ఉత్తరమూ పట్టాయి.

గంప నిండి పొంగింది. "ఇగ కూసో బిడ్డా, నువ్వు ఏడిస్తే బియ్యం తడుస్తయి," అంది మాణిక్యమ్మగారు.

బిడ్డా!

4 అక్టోబరు, బుధవారం

పద్నాలుగుమందీ వచ్చారు. టీ చాల్లేదు.

12 నవంబరు, ఆదివారం. కోత పండుగ

కుండ బియ్యం ఇవాళ దింపారు. ఆడవాళ్లందరం తెల్లవారే చేటలు పట్టుకుని కూర్చున్నాం. వేపాకు ఎంత వేసినా పురుగు తన పని తాను చేసుకుపోయింది. "దేవుని బియ్యంల గూడ పురుగేనా!" అని ఇశ్రాయేలుగారు ముక్కు మూసుకుంటే, "పురుగును గూడ ఆయననే పుట్టిచ్చిండు, నువ్వు నీళ్లు తేపో," అని మాణిక్యమ్మ అక్క పంపేసింది. దొడ్డువీ సన్నవీ నూకలూ ఒకే పెద్ద డేగిశలో మసాలా పడ్డ బగారా అన్నం అయ్యాయి. కొన్ని మెతుకులు ముద్ద, కొన్ని పలుకు. వాసన మాత్రం వీధి మొత్తానికి. మొదటి విస్తరి నాకే వడ్డించారు. కలిపి నోట్లో పెట్టుకుంటే, చివర్న కొంచెం వేపచేదు తగిలింది. ఇంకోసారి పెట్టించుకున్నాను.

రోజులు లెక్కపెట్టడం ఎప్పుడు మానేశానో తెలియడం లేదు. ఇవాళ లెక్కపెడితే అరవై నాలుగు. ఇంతేనా!

25 డిసెంబరు

అందరూ మా ఇంట్లోనే. చెయ్యి ఖాళీ లేదు, రాయను.

14 జనవరి 1979

రేపు రైలు. మైలో డబ్బా అక్క తీసుకుంది, "గిది నాకుండనీ," అని. బదులుగా ఎండిన వేపాకు మూట ఒకటి నా చేతిలో పెట్టింది. "అక్కడ పురుగు పడ్తదో లేదో, నాకేం ఎర్క." రూతు ఆవిడ కొంగు వదలదు. నాకు వెళ్లాలని లేదు. ఇల్లు చూడాలనీ ఉంది. రెండూ నిజమే.

4 ఫిబ్రవరి 1979, ఆదివారం. తెలుక్ ఆన్సన్

పెనాంగు కస్టమ్స్‌లో వేపాకు మూట వాసన చూసి తుమ్మి, పొమ్మన్నారు. సుందరమ్మగారు వాళ్లు మేం రాకముందే ఓడెక్కేశారు. ఇంట్లో అన్నీ నేను వదిలినట్టే ఉన్నాయి. కొత్తగా వంటింటి గూట్లో ఒక పాత బిస్కెట్ల డబ్బా, సగం దాకా బియ్యం. ఆవిడ మరిచిపోయి వదిలేసిందనుకున్నాను.

ఇవాళ ఆరాధన అయ్యాక ఎస్టేటులో కొబ్బరి కోతకు వెళ్లే రుక్మిణి మా వాకిట్లోకి వచ్చింది. ఆమె వెనక మరో ముగ్గురు. చేతుల్లో చిన్నచిన్న పొట్లాలు. రుక్మిణి తల వంచుకుని, "సుందరమ్మగారు వెళ్లే ముందు మాకు అలవాటు చేశారండీ. నెల మొదటి ఆదివారం పిడికెడు బియ్యం... మీకు ఇలాంటివి నచ్చవేమో. వద్దంటే తీసుకుపోతామండీ," అంది.

నేను రెండు చేతులూ చాచాను. నా నోట్లోంచి వచ్చిన మాట నాది కాదు, శాలిబండది.

"దేవునికిచ్చింది ఎనుకకు ఎట్ల తీస్కపోతవ్? తే బిడ్డా!"

రుక్మిణి పొట్లం నా చేతిలో పెట్టేసింది, మిగతావాళ్లూ పెట్టారు. లోపల్నుంచి ఆయనా రూతూ ఒకటే నవ్వు. నేను పొట్లాలు విప్పి డబ్బాలో పోసి, పైన వేపాకు వేశాను.